ఇంటిపేరు సాక్ష్యము

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఈ నడుమ పెండ్లిండ్లకును గృహప్రవేశములకును పోయినవారికి తాంబూలముతోపాటు ఒక చిన్న పుస్తకము కూడ చేతికి వచ్చుచున్నది. అట్టపై కులదైవము, లోపల ఇంటిపేరు పుట్టుకను గూర్చిన కథ, దానివెనుక వంశవృక్షము, చిట్టచివరి పుటలో రంగురంగుల పటమొకటి. ఈ పటము డి.ఎన్.ఏ. పరీక్షా ఫలితము. విదేశమున నున్న కుమారుడు ఒక గొట్టములో ఉమ్మి నింపి పంపగా కొన్ని వారములకు వచ్చిన యుత్తరము. ఇట్టి పుస్తకములు మాకు అరడజను వఱకు చేరినవి. అవి ఆయా యిండ్లవారి సొత్తు గనుక పేర్లు బయటపెట్టుట మర్యాద గాదు. కాని చూడగా చూడగా ఇది యొక వాఙ్మయశాఖగా పెరుగుచున్నది. పెరుగుచున్న శాఖను విమర్శకులు విడిచిపెట్టరాదు.

ఈ పుస్తకములకన్నిటికిని ఒకే నడక. మొదట ఒక ఋషి; తరువాత కాకతీయుల సేనానియో, వేములవాడ చాళుక్యుల మంత్రియో; అక్కడనుండి ఒక్క గెంతున ఆఱేడువందల యేండ్లు దాటి ముత్తాతగారు. ఋషికిని ముత్తాతకును నడుమ ఎవరున్నారని యడుగరాదు. ముత్తాతనుండి మాత్రము లెక్క గట్టిగానే యున్నది. ఆయన కొన్న పొలము, త్రవ్వించిన బావి, తీర్చిన తగవులు అన్నియు కలవు. మా యభిప్రాయమున పుస్తకములో చదువదగిన భాగమిదియే. దీనికి నాలుగు పుటలు, ఋషికి పదునాలుగు పుటలు!

వంశమును చెప్పుకొనుట ఎట్లో తెలిసికొనగోరువారు దూరము పోనక్కఱలేదు. కరీంనగరము జిల్లా గంగాధర మండలమున కుర్క్యాల యొద్ద బొమ్మలమ్మ గుట్ట కలదు. దానిపై పదవ శతాబ్దమున జినవల్లభుడు చెక్కించిన శాసనము సంస్కృత కన్నడ తెలుగు భాషలలో నున్నది. తెలుగు కందపద్యములకు మిక్కిలి ప్రాచీనమైన సాక్ష్యములలో నొకటియని సాహిత్యచరిత్రకారులు దీనిని మెచ్చుకొందురు. జినవల్లభుడు వేములవాడ అరికేసరి యాస్థానమున కన్నడ భారతమును రచించిన పంపకవికి తమ్ముడు. ఆయన తన వంశమును గూర్చి చెప్పినదేమి? వేంగినాటి వంగిపఱ్ఱు ఊరు, శ్రీవత్స గోత్రము, తాత అభిమానచంద్రుడు, తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బె. తల్లి పుట్టినింటివారిది అణ్ణిగెరె యనియు చెప్పెను. బ్రాహ్మణ గోత్రమును చెప్పుకొనుచునే గుట్టపై జైనబింబములను చెక్కించెను. ఇంటివారు మతము మార్చుకొన్న సంగతిని దాచలేదు. ఋషిగోత్రము ఒక్క మాటలో ముగిసినది. ఊళ్లు, మనుష్యులు నిలిచిరి. వేయేండ్లనాటి ఆ బండపై తల్లిపేరును ఆమె పుట్టినూరును కలవు. మాకు వచ్చిన పుస్తకములలో నాలుగింటిలో ముత్తవ్వ పేరున్న చోట "భార్య" అని మాత్రమే కలదు.

ఇక ఇంటిపేరు. ఊరిపేరు ఇంటిపేరైన యిండ్లు ఈ మూడు పట్టణములలో లెక్కకు మించియున్నవి: వేములవాడ, ధర్మపురి, పొలాస, కోరుట్ల. వీనిని చూచి పుస్తకకర్తలు "మా పూర్వులు ఆ యూరి నేలినవా"రని వ్రాయుదురు. కొంచె మాలోచించిన చాలును. వేములవాడలో నున్నవానిని వేములవాడవాడని ఎవరు పిలుతురు? అక్కడ అందఱును వేములవాడవారే. ఆ యూరు విడిచి వేఱొక యూరు చేరినప్పుడే ఇరుగుపొరుగు వారు ఆ పేరు తగిలింతురు. కనుక ఊరిపేరుగల యింటిపేరు, ఏలిన యూరికి గాదు, వదలివచ్చిన యూరికి గుర్తు. కరవో, అప్పో, అల్లరియో, కూతునిచ్చిన చుట్టఱికమో, ఏదో యొకటి ఆ యింటిని కదలించియుండును. ఆ కదలికయే చరిత్ర. దానిని వెదకినవారు మాకు కనబడలేదు.

"వేముల" అను పేరు చూడుడు. అది వేపచెట్టునుండి వచ్చియుండవచ్చును. వేముల యను ఊరినుండి వచ్చియుండవచ్చును. వేములవాడ యనుదానికి కుఱుచ రూపమైనను కావచ్చును. ఈ పేరు పలు కులములలో కలదు. గడ్డమువారును అంతే, కొండవారును అంతే. ఒక పేరు పదిచోట్ల పదిసార్లు పుట్టినది. పేరు కలిసినంత మాత్రమున రక్తము కలిసినదనుట ఒకే రంగు చీర కట్టినవారందఱును అక్కచెల్లెండ్రనుట వంటిది.

పేరు ప్రయాణము చేయుటయు కలదు. విదర్భలో ముంగంటివార్, గడ్డంవార్, కొత్తావార్ అను ఇంటిపేర్ల చివరనున్నది మన "వారు" అను మాటయే. తెలుగు మఱచిన యిండ్లలో సైతము అది నిలిచియున్నది. మారిషస్సునకు పందొమ్మిదవ శతాబ్దమున కూలికి పోయిన తెలుగువారి యిండ్లలో చాలవఱకు, ఓడదిగిన తాతగారి సొంతపేరే తరువాతి తరములకు ఇంటిపేరైనది. అసలు ఇంటిపేరును గుమాస్తా అడుగలేదు. అంత దూరమేల? సిరిసిల్ల సీమలోని హనుమాజీపేటలో 1931లో పుట్టిన మహాకవి సింగిరెడ్డివారు. ఆంగ్లాక్షరములలో ఆ పేరు "సి"తో మొదలగుటచే లోకమునకు ఆయన "సినారె"యే. ఇంటిపేరు ఒక్క యక్షరముగా మాఱుటకు ఒక జీవితకాలము చాలినది.

ఈ పుస్తకములు ఎవరి నోటినుండి పుట్టినవో వారియెడల ఇవి చూపు తీరు మాకు మిక్కిలి కష్టము గలిగించినది. పద్మశాలీలకు కూనపులివారు కలరు. పటము విప్పి మార్కండేయ, భావనాఋషుల కథ చెప్పుదురు. కాపులకు పిచ్చుకగుంట్లవారు గోత్రములును ఇంటిపేర్లును అప్పగింతురు. గొల్లలకు మందహెచ్చులవారు, మాదిగలకు డక్కలివారు ఉన్నారు. చదువుకొన్న గృహస్థులు వారిని యాచకులని వాకిట నిలిపి పంపుదురు. వారు చెప్పిన ఋషికథను మాత్రము అచ్చొత్తించి తమదే యందురు. మే మీ వరుసను తలక్రిందులు చేయగోరుచున్నాము. వారు చెప్పు దేవతల కథ చరిత్ర గాదు. కాని ఏ యూర ఏ యింటిపేరువా రెన్ని గడపలు, ఎవరు ఎక్కడికి పోయిరి అను జ్ఞాపకము వారికి జీవనాధారము. ఆ గడపలమీదనే వారి మిరాశి హక్కు. కడుపునకు సంబంధించిన లెక్కలో మనుష్యుడు తప్పు తక్కువ చేయును. సిరిసిల్ల, కోరుట్ల నేతగాండ్రు షోలాపురమునకును భివండికిని వలసపోయిన పిమ్మట ఈ గొలుసు చాల తెగినది. మిగిలిన వృద్ధులను కూర్చుండబెట్టి వ్రాసికొన్న పుస్తక మొక్కటియు మాకు రాలేదు.

ప్రభుత్వపు కాగితములకును హద్దులున్నవి. నిజాము రాజ్యమున 1948 వఱకు కచేరీ వ్రాతలు ఉర్దూలో నడచినవి. అందు మనుష్యునకు గుర్తు తండ్రిపేరు. ఫలానా "వల్ద్" ఫలానా. ఇంటిపేరు వ్రాసినను, ఆ లిపిలో "కొండ"కును "కుండ"కును భేదము తెలియుట కష్టము. అయినను 1954-55 నాటి ఖాస్రా పహాణీ వఱకు వెనుకకు పోగలిగినవాడు, ఋషినుండి ముందుకు వచ్చినవానికంటె ఎక్కువ సత్యమును చూచును.

ఇప్పుడు కడపటి పుటకు వత్తము. డి.ఎన్.ఏ. పరీక్ష కల్ల యని మే మనము. వై క్రోమోజోము తండ్రినుండి కొడుకునకు దాదాపు మార్పులేక వచ్చును. ఇంటిపేరును అట్లే వచ్చును గనుక రెంటిని పోల్చవచ్చునని శాస్త్రజ్ఞులు తలచిరి. ఆంగ్ల దేశమున బ్రయన్ సైక్స్ అను పండితుడు తన యింటిపేరే గల 48 మంది పురుషులను పరీక్షించి 2000లో ఫలితము ప్రకటించెను. వారిలో 21 మందికి ఒకే గుర్తున్నది. అనగా సగముకంటె తక్కువ. దత్తతయు ఇల్లరికమును మనకున్నంత వాడుకలో లేని దేశమున సంగతి యిది. మన యిండ్లలో దత్తపుత్రుడు పిండాధికారముతోపాటు ఇంటిపేరును పొందును. అది శాస్త్రసమ్మతము, గౌరవప్రదము. పరీక్ష మాత్రము దానిని "తెగిన గొలు"సని చెప్పును. ఆ మాటను ఒక యవ్వ చెవిని బడవేయుటకు ముందు ఇంటివారు పదిసార్లు ఆలోచింపవలయును.

మఱియు, పది తరములు వెనుకకు పోయిన మనుష్యునకు ఆ మెట్టున 1,024 పూర్వికుల స్థానములు కలవు. ఇంటిపేరు వానిలో ఒక్కదానిని పట్టుకొని పోవును. మైటోకాండ్రియా తల్లి, అమ్మమ్మ, ఆమె తల్లి వరుసను పట్టుకొనును. మా చేతనున్న పుస్తకములలో దానిని గూర్చి ఒక వాక్యమైనను లేదు.

ఒక పుస్తకమున "ఆర్1ఏ" అను గుర్తు వచ్చినదని, కావున తాము శుద్ధార్య క్షత్రియులమని రెండు పుటలు వ్రాసిరి. నల్లమల చెంచులలోను ఆ గుర్తున్నదని 2003లోనే అంతర్జాతీయ పరిశోధకులు ప్రకటించియున్నారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు లాల్జీసింగ్, తంగరాజ్ గారలు అమెరికా పండితులతో గూడి 2009లో ప్రకటించిన పరిశోధన, మన దేశమున అనేక జాతులు ప్రాచీనమైన రెండు ధారల కలయికయని తేల్చినది. ఆ కలయిక సుమారు 4,200 నుండి 1,900 ఏండ్ల క్రిందటి నడుమ జరిగినదనియు, పిమ్మటనే కులములోపలి వివాహములు బిగిసినవనియు 2013 నాటి పరిశోధన చెప్పుచున్నది. శుద్ధిని వెదకుటకు కొన్న పరీక్ష సంకరమును చూపుచున్నది. పుస్తకకర్త దానిని తలక్రిందుగ చదివెను.

ఈ పరీక్షకు నిజమైన యుపయోగ మొకటి కలదు, దానిని ఏ పుస్తకమును తలపెట్టలేదు. ఒకే యింటిపేరుగల వధూవరులకు సంబంధము కుదిరిన మన పెద్దలు గడప దాటనీయరు. ఒకడు కోరుట్లవాడు, ఒకతె సిరిసిల్లది, ఎఱిగినంతలో చుట్టఱికము లేదు, అయినను "అన్నచెల్లెండ్రు"! పది తరముల వెనుక పూర్వికు డొక్కడే యైనను వారిరువురికిని ఆయననుండి చేరిన ఒకే తునక యుండుట అరుదు. మేనమామకు మేనకోడలి నిచ్చుటలో మాత్రము సంకోచము లేదు. ఇంటిపేర్లు వేఱు గదా! వారి వంశద్రవ్యములో సగటున నాలుగవ వంతు ఒకటియే. మేనత్త మేనమామ బిడ్డలకు ఎనిమిదవ వంతు. ఇంటిపేరు దూరపువారిని ఆపి దగ్గఱివారిని విడుచు కావలివాడు. 1946లో బ్రిటిషిండియాలో సగోత్ర వివాహమున కున్న యాటంకము శాసనముచే తొలగినది; అది నాడు జగిత్యాలకు వర్తింపలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టమున సగోత్ర నిషేధమే లేదు. మేనమామ సంబంధమును ఆ చట్టము నిషేధించి, ఆచారమున్నచోట విడిచిపెట్టినది. ఆచారము మనయొద్ద నున్నది.

కులములోపలనే తరతరములుగ వివాహము లాడినందువలని ఫలములును కలవు. దక్షిణాసియాలోని 263 సమూహములను పరిశీలించి వానిలో 81 సమూహములకు ఇట్టి యిఱుకుతనము యూరపులోని ఫిన్నులకంటెను, అష్కెనాజీ యూదులకంటెను హెచ్చని 2017లో ప్రకటించిరి. మన వైశ్యులలో బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ అను రసాయనపు లోపము ఇతరులకంటె చాల హెచ్చు. అట్టివారికి శస్త్రచికిత్సవేళ సక్సినైల్‌కోలిన్ అను మందిచ్చిన, కండరములు తేరుకొనక ఊపిరి నిలుపుటకు గంటలకొలది యంత్రము కావలసివచ్చును. చికిత్సకు ముందు ఈ సంగతి వైద్యునకు చెప్పుట ప్రాణరక్షణ. ఋషిగోత్రమునకు బదులు ఈ రెండు వాక్యములు వంశవృక్షము క్రింద అచ్చువేసిన ఎంత మేలు!

ఉమ్మి పంపువారికి ఇంకొక మాట. ఒకడు పంపిన గొట్టములో వాని యక్కచెల్లెండ్ర గుట్టును కలదు. ఇట్టి వ్యాపారము చేయు అమెరికా కంపెనీలలో పేరుపొందిన ట్వెంటీత్రీ అండ్ మీ యొద్ద 2023లో సుమారు 69 లక్షల మంది వివరములు దొంగల పాలయినవి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా రక్షణకై న్యాయస్థానము కెక్కినది.

ఈ ఖర్చు లేకుండ పూర్తి చేయదగిన పని ఒకటి మిగిలియున్నది. మేము చూచిన వంశవృక్షములలో "భార్య" అని విడిచిన గడులు, ఒక్క పుస్తకముననే పదునేడు. వానిలో కొందఱి పేర్లు తెలిసిన యవ్వలు సిరిసిల్లలోను కోరుట్లలోను నేటికిని ఉన్నారు. వారి నడుగవలసినవి మూడు: ఆమె పేరేమి, పుట్టినిల్లు ఎవరిది, ఏ యూరు.