భోజనము, భక్తి, బహిరంగ జీవితము: శాకాహార ప్రచారముపై ఒక విమర్శ

మా ఎల్దుర్తి ప్రాంతములో ప్రేమవిందు అనగా మాంసాహారమే. అట్టి చోట ఒక విశ్వాసి "కూర వద్దు, మానేసిన" అంటే, పక్కవారు వెంటనే "ధ్యానం క్లాసుకు పోతున్నవా?" అని అడుగుదురు. ఆహారపు మాట క్షణములో మతపు మాట అగుచున్నది. ఎందుకు?

తెలుగునాట శాకాహార ప్రచారమును వీధులలోనికి తెచ్చినవారిలో ముఖ్యులు సుభాష్ పత్రి గారు (మరణము 2022). 1990లో కర్నూలులో మొదలైన ఆయన ధ్యానోద్యమము శాకాహార ర్యాలీలు నడిపినది. 1999లో పిరమిడ్ పార్టీ ఏర్పడి ఎన్నికలలోనికి దిగినది, గాని ప్రజలు ఆదరించలేదు. 2014 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారము తెలంగాణలో సుమారు 99 శాతము మంది మాంసాహారులే.

అయితే సంఖ్య సత్యమునకు కొలబద్ద కాదు. ఆదికాండము 1:29లో నరునికి మొదట ఇయ్యబడినది శాకాహారమే. నీతిమంతుడు తన పశువు ప్రాణమును లక్ష్యపెట్టునని సామెతలు 12:10 నేర్పుచున్నది. ఇరుకు పంజరములలోని కోళ్లను గూర్చి శాకాహారులు వేయు ప్రశ్నను మనము తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు.

మా అభ్యంతరము వేరు. ఆదికాండము 9:3లో దేవుడు అనుమతించిన దానిని పాపమనుట ఒకటి. తినువానినే అపవిత్రునిగా ఎంచుట రెండవది. ఆహారమును బట్టి మనుష్యులను ఊరి వెలుపల ఉంచిన దేశములో "సాత్వికము" అను మాట కేవలము వంటకు సంబంధించినది కాదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయములో దళిత విద్యార్థులు జరిపిన పెద్దకూర పండుగ ఘర్షణలకు దారితీయుటలో ఈ గాయమే కనబడుచున్నది. కొర్నేలీ ఇంటికి పోవుటకు ముందు పేతురు నేర్చుకొన్నది కూడా ఇదే: భోజనపు గీత నిజముగా మనుష్యుల మధ్య గీసిన గీత (అపొ. 10).

మన చరిత్రయు నిర్దోషమైనది కాదు. ఒంగోలులో క్లౌ దొరగారు మాదిగ విశ్వాసులకు పెట్టిన మూడు నియమములలో చచ్చిన పశువు మాంసము తినకూడదనునది ఒకటి. అది వెట్టి నుండి విడుదలకు తోడ్పడినను, కొందరిలో పాత బంధువులను చిన్నచూపు చూచుటకు కారణమై యుండవచ్చును. పళ్లెమును చూచి భక్తిని కొలుచుట మనకును క్రొత్త కాదు.

కాబట్టి రోమా 14:3 ఇరుపక్షములకు వర్తించును. తినువాడు తిననివానిని తృణీకరింపరాదు. తిననివాడు తినువానికి తీర్పు తీర్చరాదు. వచ్చే ప్రేమవిందులో పప్పు గిన్నె వేరుగా వండించి, ఏ ప్రశ్నయు అడుగక ఆ విశ్వాసికి వడ్డించుట కాపరి చేయదగిన మొదటి వ్యాఖ్యానమని మేము తలంచుచున్నాము.