పాడని బద్ద

గిటారు స్పీకరు పెట్టెలోపలి అడ్డబద్దా, నీకో నమస్కారం. కోనుకి పేరుంది, మ్యాగ్నెట్‌కి బరువుంది, ముందరి గుడ్డకి అందముంది, మూలల రేకులకి మెరుపుంది. నీకున్నది చీకటి. పలకలన్నీ అతికించి వెనక తలుపు మరమేకులతో బిగించేశాక నిన్ను చూసే కన్ను లేదు. ఏ శివరాత్రికో స్పీకరు కాలిపోయి పెట్టె విప్పితే, అప్పుడు నీకు కాస్త వెలుగు.

గుంటూరు పక్కనున్న పెదకాకాని నీ సంగతి తెలుసుకోవాల్సిన ఊరు. మల్లేశ్వరుడి గుడి ఉంది, బాజీబాబా దర్గా ఉంది, రాత్రీ పగలూ లారీలు ఆగని పదహారో నంబరు జాతీయ రహదారి ఉంది, గుంటూరు బెజవాడల నడుమ రైలుపట్టాలున్నాయి. మిర్చి టిక్కీల లోడు యార్డుకి పోతుంటే కిటికీ రెక్క దానంతటదే పలుకుతుంది. ఏ వేగానికి ఏ గాజు మోగుతుందో ఇంటివాళ్లకి తెలుసు. ఒక కాగితం మడిచి సందులో దోపితే ఆ మోత ఆగుతుందనీ తెలుసు. ఆ కాగితం ముక్క నీ చుట్టమే బద్దా, దూరపు చుట్టం.

పెట్టెలో జరిగేది ఇదీ. కోను ముందుకి దూకితే లోపలి గాలి పలచబడుతుంది, వెనక్కి దూకితే ఇరుకునపడుతుంది. ఇరుకునపడ్డ గాలికి ముందూ వెనకా తెలియదు. అన్ని గోడలనీ ఒకేసారి బయటికి నెడుతుంది. గిటారు లావు తీగని విడిగా మీటితే సెకనుకి 82 సార్లు ఈ తోపులాట. అదీగాక కోను దూకిన ప్రతిసారీ దాని చట్రం ముందు పలకని ఎదురు తన్ను తంతుంది. పలక ఊరుకుంటుందా? తనూ ఊగుతుంది, తనూ పాడటం మొదలెడుతుంది. కోను పాట ఆపేశాక కూడా ఆపదు. తనకొచ్చిన ఒక్క స్వరమే దానికి ముద్దు. వాయించేవాడు ఏ రాగంలో ఉన్నా సరే, ఆ స్వరం దగ్గరికి రాగానే బుస్సున లేస్తుంది.

అప్పుడు నువ్వు చేసే పని చూడు. ముందు పలక ముందుకి పోదామంటుంది, వెనక పలక వెనక్కి పోదామంటుంది. నడుమ నువ్వు, ఒక చెయ్యి ఇటు, ఒక చెయ్యి అటు. ఇద్దరి బలమూ నీ ఒంట్లోకొచ్చి ఒకదాన్నొకటి చల్లార్చుకుంటుంది. నువ్వు ఎవరినీ కొట్టవు, ఎవరినీ తోసెయ్యవు. వాళ్ల కోపం వాళ్లకే అందిస్తావు. లండన్‌లో డ్రమ్ములు నేర్పుతూ 1960లో దుకాణం పెట్టుకున్న జిమ్ మార్షల్, నాలుగు పన్నెండంగుళాల స్పీకర్లని ఒకే మూసిన పెట్టెలో కూర్చాడు. లోకంలోని రాక్ సంగీతంలో సగం ఆ పెట్టె ముందే పుట్టింది. ఆ పెట్టె నట్టనడుమ, నాలుగు కోనుల మధ్య ఖాళీలో, ముందు పలకనీ వెనక పలకనీ కలుపుతూ ఒక కర్రముక్క నిలబడి ఉంటుంది. అది నువ్వే. పోస్టర్ల మీద జుట్టు విరబోసుకున్న గిటారు వీరులందరి వెనకా నువ్వు నిలబడే ఉన్నావు, ఒక్క ఫొటోలోనూ లేవు.

నీకో లెక్క ఉంది, అది నాకు పద్యంలా వినిపిస్తుంది. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు ఉన్న పలక తీసుకో. అడ్డంగా నడుమ నిన్ను వేస్తే అది మోగే శ్రుతి ఒకటిన్నర రెట్లకి కాస్త పైకి జరుగుతుంది, అంతే. అదే నిన్ను నిలువునా, పొడుగు వెంట వేస్తే మూడు రెట్లు దాటిపోతుంది. నువ్వు బొత్తిగా కదలవనుకుని వేసిన లెక్క ఇది. ఎంత పైకి జరిగితే అంత మేలు, ఆ ఎత్తున గోడని ఊపే సత్తా గాలికి తక్కువ. కానీ చాలామంది నిన్ను అడ్డంగానే వేస్తారు. చిన్న ముక్కతో పని అయిపోతుంది కదా! ఇంకా ఘోరం, నిన్ను పడుకోబెట్టి అతికిస్తారు. రెండంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న రీపరుని పడుకోబెడితే ఉన్న బిగువుకి, అంచు మీద నిలబెడితే నాలుగింతలు. అదే కర్ర, అదే జిగురు, అదే ధర. నిలబడటమే తేడా. నట్టనడుమ కూడా వద్దు, కాస్త పక్కకి జరపాలి. సరిగ్గా సగానికి కోస్తే రెండు సగాలూ ఒకే శ్రుతిలో జట్టుకడతాయి.

జిగురు మాట మరవకూడదు. వానాకాలంలో ఉబ్బి, రోహిణి ఎండలకి ఎండి, మేకు వదులై, జిగురు ఊడిన బద్ద ఉన్నదానికంటే అసలు లేని పెట్టె నయం. పాడే పలకని భరించవచ్చు, టకటకలాడే బద్దని భరించలేం. దూది సంగతి అంటావా, ఈ నల్లరేగడిలో దూదికి కరువా? పెట్టె లోపల పరిస్తే గాలిలో అటూ ఇటూ కొట్టుకునే ప్రతిధ్వనిని మింగేస్తుంది. గోడని పట్టుకోవడం మాత్రం దాని వల్ల కాదు. గాలి పని దూదిది, కర్ర పని కర్రది.

శివరాత్రికి కోటప్పకొండకి సాగే విద్యుత్ ప్రభల్ని చూసినవాడికి నీ కులమేమిటో వేరే చెప్పక్కర్లేదు. తాటిచెట్టుని మించిన ఎత్తున దీపాల తోరణంతో ప్రభ లేస్తుంది. జనం దీపాల్ని చూస్తారు. ప్రభ కట్టేవాళ్ల చూపు మాత్రం వెనక అడ్డకర్రల మీదా, నాలుగు వైపులా లాగి పట్టిన మోకుల మీదా ఉంటుంది. కింద పద్దెనిమిది అంగుళాల బేసు పెట్టెలు గుండెని తంతుంటాయి. ఆ పెట్టెల్లోనూ బద్దలే, పైన ప్రభలోనూ బద్దలే.

ఇంతసేపూ నిన్ను పొగిడాను. ఇప్పుడో మాట, కోపం తెచ్చుకోకు. నిన్ను మరీ నమ్మితే పాట చస్తుంది.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి వీణ చేస్తారు. అక్కడ కుండ పాడాలి, తీగ చెప్పినదాన్ని కర్ర తన ఒంటితో పలకాలి. మామూలు గిటారులోనూ అంతే, దాని పై పలక కింద సన్నని బద్దలుంటాయి, అవి నీ అక్కచెల్లెళ్లు. స్పెయిన్‌లో టోరెస్ అనే పనివాడు 1862లో ఒక గిటారు చేశాడు. వెనకా పక్కలా కాగితపు అట్టతో కట్టి, పై పలకకి మాత్రం మంచి చెక్క వేసి, దాని కింద విసనకర్రలా బద్దలు పరిచాడు. అట్ట గిటారు పలికింది. పాటంతా పై పలకలోనూ దాని కింది బద్దల్లోనూ ఉందని ఆయన అలా చూపించాడు. అక్కడ బద్ద పని నోరు మూయించడం కాదు, ఎలా పలకాలో నేర్పడం.

కరెంటు గిటారు సంగతి వేరు. దాని ఒళ్లు గట్టి దిమ్మ, కుండ లేదు. వైరు అవతలి పెట్టే దాని కుండ. అందుకే గిటారు పెట్టెని ఇంట్లో పాటలు వినే పెట్టెలా చేస్తానంటే నేను ఒప్పుకోను. ఇంటి పెట్టె అద్దం, తన రంగు కలపకూడదు. దానికోసం 1970ల్లో బీబీసీ ఇంజినీర్లు పలచటి బర్చి ప్లైవుడ్‌కి తారులాంటి పూత పూసి గోడ నోరు నొక్కారు. ఆ తర్వాతి పదేళ్లలో బోవర్స్ అండ్ విల్కిన్స్ వాళ్లు లోపలంతా గళ్లుగళ్లుగా బద్దలు అల్లి అదే పని చేశారు. గిటారు పెట్టెకి ఆ నియమం లేదు. లియో ఫెండర్ 1950ల్లో పైన్ చెక్కతో కట్టిన పెట్టెల్లో ముందు పలక పలచన, దాన్ని పట్టుకున్నదీ అంతంతమాత్రం. ఆ పలక ఊగేది, ఆ ఊపు పాటలో కలిసేది. ఆ పాత పెట్టెల కోసం వాయించేవాళ్లు ఇప్పటికీ వెతుక్కుంటున్నారు. మార్షల్ కూడా నిన్ను ఒక్కదాన్నే పెట్టాడు, అడవి పెంచలేదు.

కాబట్టి నంబూరు దగ్గర విశ్వవిద్యాలయం కుర్రాళ్లెవరైనా పెట్టె చేయించుకుందామని వడ్రంగి దగ్గరికి వస్తే, బద్దా, నువ్వు తొందరపడి లోపలికి దూరకు. ముందు నువ్వు లేకుండానే పెట్టె బిగించమను. వాయించేవాణ్ణి లావు తీగ మీద ఒక్కో మెట్టూ ఎక్కుతూ నింపాదిగా మీటమను. వడ్రంగిని పలక మీద అరచెయ్యి ఆనించి ఉంచమను. చాలా మెట్ల దగ్గర చేతికి సన్నటి జలదరింపు తగులుతుంది, దాన్ని వదిలెయ్. ఏదో ఒక మెట్టు దగ్గర పలక అరచేతిని ఎగరేసి కొడుతుంది, పెట్టె మొత్తం ఆ ఒక్క స్వరాన్నే అరుస్తుంది. పలక మీద అరచెయ్యి ఆనిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టించు. తీగ ఆపి, తలుపు విప్పించి, ఆ గుర్తుకి బెత్తెడు పక్కన, పలక పొడుగు వెంట, అంచు మీద నిలబడి, జిగురు నిండా పూయించుకుని అప్పుడు కూర్చో.