కొన్న ఉలి సగం ఉలే

బజారులో కొత్త ఉలి కొని, తెచ్చింది తెచ్చినట్టే టేకు చెక్క మీద పెట్టి కొట్టి చూడండి. కోయాల్సిన చోట నలుపుతుంది, పోగుల్ని పెరికేస్తుంది. అంచు నిగనిగలాడుతున్నా, ఫ్యాక్టరీలో అరగదీసిన గీతలు దాని వీపు నిండా ఉంటాయి. ఇంట్లో సరదాగా వడ్రంగం మొదలుపెట్టినవాళ్ళు చాలామంది ఇక్కడే తికమకపడతారు. ఉలి మంచిది కాదనుకుని ఇంకా ఖరీదైనది కొంటారు. అదీ అలాగే నలుపుతుంది. పని తెలిసిన మేస్త్రి మాత్రం కొత్త ఉలిని ముందు సానరాయి దగ్గరికే తీసుకువెళతాడు. అంగడిలో దొరికేది సగం పనిముట్టేనని, మిగతా సగం వాడేవాడే చేసుకోవాలని అతనికి తెలుసు.

ఈ తెలివిడి చోడవరం వంటి ఊళ్ళ చుట్టూ తరతరాలుగా పెరిగింది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడేదాకా చోడవరం విశాఖపట్నం జిల్లాలోది. ఒకవైపు మాడుగుల మీదుగా మన్యం కొండలు, ఇంకోవైపు అనకాపల్లి బెల్లం మార్కెట్, దగ్గర్లోనే గోవాడ చక్కెర ఫ్యాక్టరీ. చెరకు తోలాలంటే బండి కావాలి, దున్నాలంటే నాగలి, కాడి కావాలి. ఇవన్నీ ఊరి వడ్రంగి చేతి మీదుగా వచ్చినవే. బండిచక్రం ఒక్కటి చూస్తే చాలు ఆ పని ఎంత కచ్చితమైనదో తెలుస్తుంది. నడుమ కుండ, దాంట్లో దిగిన ఆకులు, చుట్టూ కొయ్య వంపులు, వాటి మీద ఇనప పట్టా. కమ్మరి పట్టాను ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, నీళ్ళు పోస్తాడు. చల్లారే పట్టా కుంచించుకుని అన్ని అతుకుల్నీ బిగించేస్తుంది. తొలిచిన రంధ్రం కాస్త వదులైనా, ఆకు కొన కాస్త పొట్టిదైనా ఆ బిగువు నిలవదు. మేకులతో కప్పిపుచ్చే వీలు లేని పని అది. అందుకే పనిముట్టు మీద అంత శ్రద్ధ.

ఎంపిక

ఇంట్లో పనికి మొదట కావలసినవి తక్కువే. అరంగుళం, ముప్పావంగుళం ఉలులు రెండు, ఒక చిత్రిక, ఒక రంపం, మూలమట్టం, కొయ్య సుత్తి, రెండు వైపులా వాడుకునే సానరాయి. సంచీ నింపే సెట్లు కొంటే అందులో సగం తుప్పు పడతాయి.

కొనేటప్పుడు రంగూ మెరుపూ పక్కన పెట్టాలి. ఉలిని తిరగేసి వీపు చూడాలి. గుంటలు, వంకరలు లేకుండా ఉంటే ఇంటి దగ్గర చదును చేసే శ్రమ తగ్గుతుంది. మూలమట్టాన్ని అంగడిలోనే పరీక్షించవచ్చు. తిన్నటి పలక అంచుకు ఆనించి ఒక గీత గీసి, మట్టాన్ని బోర్లా తిప్పి అదే చోట ఇంకో గీత గీయాలి. రెండు గీతలూ కలిసిపోతే మట్టం నిజం. విడిపోతే అది ఎంత తప్పో ఆ ఎడంలో సగం చెబుతుంది.

కొత్త సరుకే కొనాలని లేదు. పాత లారీ కమాను కట్టల ఉక్కుతో కమ్మరి కొలిమిలో ఉలి చేయించుకోవడం మన దేశమంతటా ఉన్న అలవాటే. కాల్చి ముంచిన ఉక్కు గట్టిగా ఉంటుంది గాని పెళుసు. దెబ్బకు అంచు చిట్లుతుంది. దాన్ని మళ్ళీ మెల్లగా వేడి చేస్తే మెరిసే చోట రంగులు కదులుతాయి. గడ్డి రంగు తేలిన చోట ఆపి ముంచితే కోసే అంచుకు తగిన గట్టితనం మిగులుతుంది. నీలం దాకా పోనిస్తే ఉక్కు స్ప్రింగులా వంగుతుంది, పదును మాత్రం నిలవదు. గ్రైండరు మీద ఉలిని అదిమిపట్టే వాళ్ళకు ఇదే హెచ్చరిక. అంచు నీలం తిరిగిందంటే అక్కడ ఉక్కు చచ్చినట్టే. క్షణానికోసారి నీళ్ళలో ముంచుతూ పట్టాలి.

పదును

సాన పట్టడం వీపుతో మొదలవుతుంది. అంచు అంటే రెండు తలాలు కలిసే గీత. ఒక తలం గరుకుగా ఉంటే రెండోదాన్ని ఎంత నునుపు చేసినా గీత గరుకే. అందుకని వీపులో అంచుకు ఆనుకున్న అంగుళం మేర రాయి మీద బల్లపరుపుగా రుద్ది, అద్దంలా మెరిసేదాకా తేవాలి. ఉలి జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు.

తరవాత వాలు. మెత్తటి కర్రలకు 25 డిగ్రీల దగ్గర, తుమ్మ, మద్ది వంటి గట్టి కర్రల్లో రంధ్రాలు తొలవడానికి 30 డిగ్రీల దగ్గర ఉంచుతారు. వాలు పలచనైతే సులువుగా దిగుతుంది, తొందరగా విరుగుతుంది. మందమైతే దెబ్బకు ఓర్చుకుంటుంది, బలం ఎక్కువ అడుగుతుంది. కర్రను బట్టి వాలు మార్చుకోవడంలోనే నేర్పు ఉంది. గరుకు వైపు రుద్దుతుంటే కాసేపటికి వీపు వైపు అంచు పొడవునా వేలికి తగిలే గరుకు తేలుతుంది. రుద్దుడు అంచుదాకా చేరిందనడానికి అదే గుర్తు. అప్పుడు నున్నటి వైపుకు మారి, చివరికి తోలు పట్టా మీద వెనక్కి లాగుతూ ఆ గరుకును రాల్చేయాలి. పదును చూడటానికి వేలు పెట్టనక్కర్లేదు. మెత్తటి చెక్క కోసిన కొనను అడ్డంగా చెక్కినప్పుడు, పొడి రాలకుండా మెరిసే తలం వస్తే ఉలి సిద్ధం.

సముద్రపు గాలి తగిలే ఈ ప్రాంతంలో పదునుకు ఇంకో శత్రువు తుప్పు. పని ముగిశాక తుడిచి, నూనె గుడ్డతో ఒకసారి రాయడం పనిలో భాగమే. దసరాకు ఆయుధపూజ పేరుతో ఏడాదికోసారి ప్రతి పనిముట్టునూ బయటికి తీసి కడిగి తుడిచే ఆచారంలో ఈ వివేకం కూడా ఉంది.

చిత్రిక, రంపం

చిత్రిక పట్టినప్పుడు చెక్క లేచిపోతుంటే చాలామంది బలం పెంచుతారు. చూడాల్సినవి మూడు. మొదటిది పోగుల వాటం. చెక్క పక్క అంచు చూస్తే పోగులు ఎటు ఎక్కుతున్నాయో తెలుస్తుంది, ఆ దిశలోనే తోయాలి. రెండోది బ్లేడు బయటికి వచ్చిన మందం. దుమ్ములాంటి పొర వచ్చేదాకా వెనక్కి తీసి, అక్కడినుంచి కాస్త కాస్త పెంచుకోవాలి. మూడోది బ్లేడు మీది పైబిళ్ళ. మామూలు పనికి అంచు నుంచి ఒక మిల్లీమీటరు ఎడం చాలు. ముడులున్న చెక్కకూ, ఆఖరి నునుపుకూ అరమిల్లీమీటరు లోపలికి దగ్గరగా జరపాలి. లేచిన పొరను ఆ బిళ్ళ వెంటనే వంచేస్తుంది, అందువల్ల చీలిక ముందుకు పాకదు.

రంపానికి పళ్ళ పదునెంత ముఖ్యమో పళ్ళ ఎడమూ అంతే. ఒక పన్ను కుడికి, పక్కది ఎడమకు కాస్త వంగి ఉండాలి. అప్పుడే కోత రంపపు రేకు కంటే వెడల్పవుతుంది, రేకు పట్టేయదు. నిలువు కోతకు పళ్ళు ఉలుల్లా నిటారుగా, అడ్డకోతకు కత్తుల్లా ఏటవాలుగా ఉండాలి. మూడు మూలల ఆకురాయితో ఒక్కో పన్నుకూ ఒకే లెక్కన, ఒకే బలంతో తోస్తూ పోవాలి. మన పాత రంపాలు లాగినప్పుడు కోసేవి. జపాను వడ్రంగులూ ఈ పద్ధతినే వాడతారు. లాగే రేకు వంగదు కాబట్టి పలచగా ఉన్నా పనికొస్తుంది.

ఏటికొప్పాక పాఠం

చోడవరానికి నైరుతిలో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. లక్కపిడతలకూ బొమ్మలకూ పేరుపడ్డ ఈ ఊరి కళకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సహజ రంగుల్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. పనిముట్టును పనికి తగ్గట్టు మలుచుకోవడం అంటే ఏమిటో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

వాళ్ళ ముడిసరుకు అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, సన్నటి పోగుతో ఉంటుంది. పూర్వం కర్రను తిప్పే తరిమెన మీద ఒకరు తాడు లాగుతుంటే కర్ర అటూ ఇటూ తిరిగేది, తనవైపు తిరిగినప్పుడే ఉలి కోసేది. కరెంటు మిషను వచ్చాక కర్ర ఒకే వైపు, వేగంగా తిరుగుతోంది. పని సులువైంది గాని, ఉలిని ఆనుడు మీద నిలిపి, వాలు కర్రకు ఆనేలా పట్టే చేతివాటం మాత్రం అదే. ఆకారం వచ్చాక రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే కర్రకు అదుముతారు. లక్క 70 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఆ వేడి రాపిడిలోనే పుడుతుంది. అదుము తక్కువైతే లక్క అంటదు, ఎక్కువైతే చారలు పడతాయి. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగులు ఇలా కర్రకెక్కుతాయి. చివర మెరుగు పెట్టేది మొగలి ఆకు. ఖరీదైన పాలిష్ చక్రం చేసే పనిని వాగు గట్టున పెరిగే ఆకు చేస్తుంది.

విలువ ఎక్కడుంది

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం వడ్రంగులతో సహా 18 చేతివృత్తులకు వర్తిస్తుంది. పనిముట్లకు ₹15,000, శిక్షణ రోజులకు ₹500 చొప్పున భత్యం ఇస్తుంది. మంచి సాయమే. కానీ ఆ డబ్బుతో వచ్చేదీ సగం పనిముట్టే. శిక్షణలో మొదటి రోజు సానరాయికి ఇవ్వకపోతే రెండో సగం ఎప్పటికీ రాదు.

ఇంట్లో పని మొదలుపెట్టేవాళ్ళకూ లెక్క ఇదే. పెట్టుబడిలో మంచి భాగం రాయి, ఆకురాయి, తోలుపట్టాలకు కేటాయించండి. మొదటి వారాల్లో కుర్చీ చేయాలన్న తొందర మానుకుని, రెండు ఉలుల వీపులు చదును చేయండి, పాత రంపం ఒకటి పళ్ళు సరిచేసి చూడండి. ఊళ్ళో కొలిమి మిగిలి ఉంటే ఒక ఉలి అక్కడ చేయించండి. సాన పట్టడం వచ్చినవాడు ఏ ఉలినైనా బాగుచేసుకుని ముప్పై ఏళ్ళు వాడుకుంటాడు. రానివాడు ఉలి మొద్దుబారిన ప్రతిసారీ అంగడికి పోవాల్సిందే.