ఏ పని ఆపాలి?

విమానంలోనో రాకెట్‌లోనో వేళ తప్పకుండా పనిచేయాల్సిన కంప్యూటర్ ఎంత వేగమైనదన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. మోయలేనంత పని మీద పడ్డప్పుడు అది దేన్ని పక్కన పెడుతుంది, ఆ సంగతి ముందే తేల్చి ఉంచారా అన్నది మొదటిది. 1969 జూలై 20న అపోలో 11 ల్యాండర్ చంద్రుడి మీదికి దిగుతుండగా దాని కంప్యూటర్ నుంచి 1202, 1201 అనే అలారాలు వచ్చాయి. ఆ దశలో అక్కర్లేని ఒక రాడార్ నుంచి వచ్చిపడిన పల్సులు ప్రాసెసర్ సమయంలో 10 శాతానికి పైగా తినేశాయి. రెండేసి సెకన్లకు ఒకసారి జరగాల్సిన లెక్క పూర్తికాకముందే తర్వాతిది మొదలై, పనులకు కేటాయించే మెమరీ నిండిపోయింది. అయినా దిగడం ఆగలేదు. హాల్ లేనింగ్ రూపొందించిన షెడ్యూలర్‌లో ప్రతి పనికీ ఒక ప్రాధాన్యం ఉంది. రీస్టార్ట్ అయిన ప్రతిసారీ కీలకమైన పనులు నమోదు చేసిపెట్టుకున్న చోటి నుంచి మళ్లీ అందుకున్నాయి, మిగతావి రాలిపోయాయి. ఇంజిన్‌ను నడిపే లెక్క మాత్రం నిలిచింది.

పనిని వదిలేయడం ప్రమాదం కాదా అంటారు. ప్రమాదమే. అందుకే ఆ నిర్ణయం గండం ముంచుకొచ్చినప్పుడు కాకుండా, తీరిగ్గా ఆలోచించగలిగే డిజైన్ దశలోనే జరగాలి. నేటి ప్రాసెసర్ల వేగానికి ఈ బెంగ ఎందుకన్న వాదన నాకు సమ్మతం కాదు. 1997లో అంగారకుడి మీద పాత్‌ఫైండర్ నౌక కంప్యూటర్ పదేపదే రీసెట్ అయింది. వాతావరణ సమాచారం సేకరించే చిన్న పని, ఒకసారికి ఒక్క పని మాత్రమే పట్టుకోగల సాఫ్ట్‌వేర్ తాళాన్ని పట్టుకుని ఉండగా, దానికోసం ముఖ్యమైన పని ఆగింది. ఈలోపు మధ్యస్థాయి పనులు దూరి ఆ చిన్న పనిని ముందుకు సాగనివ్వలేదు. తాళం పట్టుకున్న పనికి తాత్కాలికంగా పెద్ద ప్రాధాన్యం దక్కేలా భూమి నుంచి సెట్టింగ్ మార్చాక గానీ అది సర్దుకోలేదు. లోపం వరుసలో ఉంది, వేగంలో కాదు.

ఒకటి చెడితే ఇంకొకటి ఉంటుంది కదా అన్న ధీమా మరింత లోతైనది. 1996 జూన్ 4న తొలి ఏరియాన్ 5 రాకెట్ ప్రయాణం 40 సెకన్లలోపే ముగిసింది. దిశను లెక్కకట్టే యూనిట్లు రెండున్నా, రెండింటిలోనూ ఒకే ప్రోగ్రామ్. 16 బిట్లలో పట్టని ఒకే రకం సంఖ్య దగ్గర ముందు బ్యాకప్, వెంటనే అసలుదీ ఆగిపోయాయి. చెడేది హార్డ్‌వేరే అనుకున్నారు గనుక, తప్పు కనిపిస్తే ప్రాసెసర్‌ను ఆపేయమని రాసుకున్నారు. పైగా తప్పు పుట్టిన లెక్క ఏరియాన్ 5 పైకి లేచాక దేనికీ పనికిరానిది. అంతకుముందరి రాకెట్ ఏరియాన్ 4 అవసరం కోసం రాసింది అలాగే నడుస్తూ ఉండిపోయింది. ఏ పని ఆపాలని అడిగి ఉంటే మొదట దొరికేది అదే.