కొండమీదికి మోసిందెవరు?

బ్రిగేడ్ అంటే ఒక్క పటాలం కాదు, ఒక్క దొర అసలే కాదు. మూడు నాలుగు పటాలాలు, ఫిరంగి దళం, డ్రైవర్లు, వంటవాళ్లు, మూటలు మోసేవాళ్లు అందరూ కలిస్తేనే బ్రిగేడ్. కానీ బ్రిగేడ్ చరిత్ర పేరుతో అచ్చయ్యేది చాలాసార్లు ఆఫీసర్ల చరిత్రే. కొరియా యుద్ధంలో బ్రిటిష్ 29వ పదాతి బ్రిగేడ్ చరిత్రను మేం ఈ దృష్టితోనే చదివాం.

ముందు జరిగింది చెప్పుకుందాం. 1951 ఏప్రిల్ 22 రాత్రి చైనా సేనలు సియోల్ వైపు రావడానికి ఇమ్జిన్ నది దాటాయి. అక్కడ ఎదురు నిలిచింది ఈ బ్రిగేడ్: గ్లూస్టర్లు, ఫ్యూజిలియర్లు, అల్‌స్టర్ రైఫిల్స్, వాళ్లతో ఒక బెల్జియం పటాలం. ముందుకు పోయే ఆలోచనే గాని, ఆగి కాచుకునే ఏర్పాటు సరిగా లేదు. ముళ్లకంచె తక్కువ, మందుపాతరలు తక్కువ, దళానికీ దళానికీ నడుమ పెద్ద పెద్ద ఖాళీలు. 25వ తేదీకల్లా బ్రిగేడ్ నష్టం 1,091 మంది. ఆ జూన్‌లో బ్రిటిష్ మంత్రివర్గం ముందు పెట్టిన లెక్క ప్రకారం ఆచూకీ లేనివాళ్లలో ఆఫీసర్లు 34 మంది, ఆఫీసర్లు కానివాళ్లు 808 మంది.

ఈ 808 మంది ఎవరు? వీళ్లలో చాలామంది రెండో ప్రపంచయుద్ధంలో పోరాడి ఇంటికెళ్లి, ఏదో పని చూసుకుని, పెళ్లాం పిల్లలతో బతుకుతుండగా మళ్లీ పిలుపు అందుకున్న రిజర్విస్టులు. వాళ్లతోపాటు నిర్బంధ సైనిక సేవ కింద వచ్చిన కుర్రాళ్లు. యుద్ధం కావాలని వీళ్లెవరూ అడగలేదు.

ఈ పోరుకు రెండు విక్టోరియా క్రాస్‌లు వచ్చాయి. రెండూ ఆఫీసర్లకే: కర్నల్ కార్న్, లెఫ్టినెంట్ కర్టిస్. వాళ్ల తెగువను మేం తక్కువ చేయడం లేదు. అమెరికా అధ్యక్షుని పేర గ్లూస్టర్లకూ, వాళ్లతో ఉన్న మోర్టార్ దళానికీ ఇచ్చిన ప్రశంసలో ఫ్యూజిలియర్ల పేరు లేదు, అల్‌స్టర్ రైఫిల్స్ పేరూ లేదు. బ్రిగేడ్ చరిత్ర కాస్తా ఒక్క పటాలం గాథ అయిపోయింది.

ఇంకో కథ పుస్తకం నుంచి పుస్తకానికి నడుస్తోంది. బ్రిగేడియర్ బ్రోడీ పరిస్థితి ‘కొంచెం చిక్కుగా ఉంది’ అన్నాడట, అమెరికన్ జనరల్‌కు దాని తీవ్రత అర్థం కాలేదట. నిజమే అయినా ఇది సగం సంగతే. కష్టాన్ని కష్టమని చెప్పకపోవడం దొరల బడిలో నేర్పే మర్యాద. ఆ మర్యాదకు వెల కట్టింది కొండమీది సిపాయి. పైగా సుమారు 12 మైళ్ల పొడవున అంత పలుచగా మనుషుల్ని నిలబెట్టిందెవరన్న ప్రశ్న ఈ కథ కింద కప్పడిపోతుంది.

అధికారిక చరిత్ర రెండు సంపుటాలు (1990, 1995) రాసిన ఆంథొనీ ఫరార్-హాక్లీ ఆ పోరులో గ్లూస్టర్ల అడ్జుటెంట్. చిన్న వయసులో సిపాయిగా చేరి జనరల్ దాకా ఎదిగిన మనిషి. కళ్లారా చూసినవాడి రాతకు విలువ ఉంది. కానీ పోరాడిన పటాలం ఆఫీసరే సర్కారు తరఫున తీర్పరి కూడా అయితే ఎట్లా? 2009లో వచ్చిన ఆండ్రూ సాల్మన్ పుస్తకం ‘టు ది లాస్ట్ రౌండ్’ మామూలు సిపాయిల నోటిమాటలు తెచ్చింది, మిగతా పటాలాలకూ చోటిచ్చింది. అది మంచి అడుగు.

అయినా ఒక ఖాళీ మిగిలింది. ఆ యుద్ధంలో లారీ పోలేని కొండలమీదికి తూటాలూ నీళ్లూ తిండీ చేర్చింది కొరియన్ కూలీల వీపులు. వీపుకు తగిలించుకునే చెక్క చట్రంతో మోసేవాళ్లు గనక వాళ్లకు ‘ఎ-ఫ్రేమ్ ఆర్మీ’ అని పేరు పెట్టారు. చట్రం పేరు మిగిలింది, మనిషి పేరు పోయింది. నష్టాల లెక్క పటాలాల వారీగా సాగుతుంది. కూలీకి పటాలం లేదు.

ఇదంతా మనకెందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. 1818 జనవరి 1న కోరేగావ్‌లో చనిపోయిన మహర్ సిపాయిల పేర్లు రాతిమీద ఉన్నాయి. 1927లో బాబాసాహెబ్ అంబేద్కర్ అక్కడికి వెళ్లారు. పేర్లు ఉండబట్టే ఆ చరిత్ర మాది అని అనగలిగాం. పేర్లు చెక్కిన ఆ బ్రిటిష్ వాళ్లే 19వ శతాబ్దం చివర మహర్లకు సైన్యం తలుపు మూసేశారన్నదీ మరవకూడదు. రాతిమీద పేరు హక్కు కాదు. అయితే హక్కు అడగడానికి అదొక ఆధారం.

మన దేశం నుంచి బ్రిటిష్ పటాలాల వెంట పోయి నీళ్లు మోసినవాళ్లు, పాకీపని చేసినవాళ్లు, మూటలెత్తినవాళ్లు ‘ఫాలోయర్లు’ అనే ఒక్క మాట కింద ఉండిపోయారు. మన విద్యార్థులు సైనిక చరిత్రకు పూనుకుంటే పతకాల జాబితా దగ్గర గాక, జీతాల పట్టీ దగ్గర మొదలుపెట్టాలని మా మనవి.