చొక్కా అంచు కింది పనితనం

విశాఖ నుంచి సముద్రం పక్కనే ఉత్తరానికి పోతే రుషికొండ, తొట్లకొండ దాటాక, భీమిలి ఇంకా రాకముందే, ఎర్రమట్టి దిబ్బల దాపున నేవీ వారి స్థలం మొదలవుతుంది. అది ఐఎన్‌ఎస్ కళింగ, 1985 నుంచీ ఉన్న స్థావరం. దాని ఆవరణలోనే 2016 జూలై 12న ఐఎన్‌ఎస్ కర్ణను ప్రారంభించారు. పేపర్లలో మార్కోస్ అని చదువుతుంటామే, ఆ నౌకాదళ కమాండోల స్థావరం అది. విలుకాడి పేరు పెట్టడం నాకు భలే నచ్చింది. డచ్చివారి సమాధులు, లైట్‌హౌసు, గోస్తనీ సంగమం చూసుకుని వెళ్లిపోయే యాత్రికుల్లో చాలామందికి భీమునిపట్నం పొలిమేరలో ఇలాంటి చేతులు ఉన్నాయని తెలియదు.

ఆ గేటు మనకు తెరుచుకోదు, తెరుచుకోకూడదు కూడా. లోపల ఏ సాధన ఎలా చేస్తారన్నది నా విషయం కాదు. ఆ వృత్తిలో ఉన్నవాళ్లు ఏ దేశంలోనైనా నేర్చి తీరవలసిన ఒక చిన్న పని ఉంది. బట్టల కింద దాచిన పిస్తోలును దూసి గురి మీదికి తేవడం. చిత్రకారుడి గీతనో, వైణికుడి మీటునో మెచ్చుకున్నంత శ్రద్ధగా దీన్నీ మెచ్చుకోవచ్చని నా నమ్మకం. ఒకటిన్నర సెకన్లలో ముగిసే పని కాబట్టి సాధారణంగా ఎవరూ దాని లోపలికి చూడరు.

కమాండో చేతిలో ఉండే ముఖ్య ఆయుధం పొడుగుపాటి తుపాకీ. పిస్తోలు నడుముకు వేలాడే రెండో ఆయుధం. 2024 మార్చిలో అరేబియా సముద్రంలో రూయెన్ అనే ఓడను సోమాలీ దొంగల నుంచి విడిపించినప్పుడు మార్కోస్ విమానంలోంచి పారాచూట్లతో సముద్రంలోకి దిగారు. ఐఎన్‌ఎస్ కోల్‌కతా ముందుండి నడిపిన ఆ పని సుమారు 40 గంటలు సాగింది. 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. ఓడ లోపల ఇరుకు నిచ్చెనలు, ఇనుప తలుపులు, మూల తిరిగితే మనిషి. అక్కడ పెద్ద తుపాకీ మొరాయిస్తే చెయ్యి పిస్తోలు మీదికే పోవాలి. అయినా అది బయటికి కనిపించే ఒర. మామూలు దుస్తుల్లో తిరిగేవాళ్ల పని అంతకన్నా కష్టం. కశ్మీరులోని ఊలార్ సరస్సు దగ్గర గడ్డాలు పెంచుకుని పనిచేసినందుకు మార్కోస్‌కు గడ్డం ఫౌజు అనే పేరే వచ్చింది. అంత దూరం ఎందుకు, నాయకుల పక్కన సఫారీ సూటులో నిలబడే మన గన్‌మెన్ చొక్కా కింద ఉన్నదీ ఇదే కష్టం.

ఎంత తొందరగా దూయాలి? దీనికి ఒక గట్టి కొలత ఉంది. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ 1983లో రాసిన వ్యాసంలో, కత్తి పట్టిన మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకన్లలో పరుగెత్తి దాటేస్తాడని చూపించాడు. 21 అడుగులంటే మన ఇళ్లలో రెండు గదుల పొడవు. ఆ ఒకటిన్నర సెకన్లలో కన్ను చూసి చెయ్యి కదలడానికే దాదాపు పావు సెకను పోతుంది. చూసింది ఏమిటో తేల్చుకోవడానికి ఇంకొంత. మిగిలినదే చేతిది. చొక్కా కింద ఉన్నవాడు ఆ మిగిలినదాంట్లోనే బట్టను కూడా తొలగించుకోవాలి.

అందుకే ఈ పనిలో మొదటి ప్రత్యర్థి బట్ట. పిస్తోలు సాధారణంగా కుడి తుంటి ఎముకకు కొంచెం వెనకగా ఉంటుంది. ముందు తెరిచి ఉండే కోటయితే అరచేతి అంచుతో వెనక్కి విసిరికొట్టాలి. పలచటి కోటు విసిరిన చోట నిలవదు, మళ్లీ చేతి మీదికే వచ్చి పడుతుంది. అందుకని తెలిసినవాళ్లు ఆ వైపు జేబులో కాస్త బరువైనది వేసుకుంటారు. బొత్తాలు పెట్టిన చొక్కా అయితే ఎడమచెయ్యి దాని అంచును గుప్పిట పట్టి ఛాతీ దాకా లాగాలి. నడుము పైకి రెండంగుళాలు లేపి సరిపెట్టుకునేవాడి పిస్తోలు వెనకభాగం సరిగ్గా ఆ మడతలోనే చిక్కుకుంటుంది. ఇదంతా కిందికి చూడకుండా జరగాలి. చీర కుచ్చెళ్లు పోసుకునే చేతికి అద్దం అవసరం లేనట్టే ఈ చేతికీ చూపు అవసరం ఉండదు. కళ్లు ఎదుటివాడి చేతుల మీదే ఉండాలి.

బట్ట తొలగిన క్షణంలో కుడిచెయ్యి పిడి మీద వాలుతుంది. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ వాలడమే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే చర్మం పిడి వెనక భాగాన ఎంత పైకి పోగలదో అంత పైకి వెళ్లి అతుక్కోవాలి. మిగతా మూడు వేళ్లు పిడిని చుట్టుకోవాలి. ఒరలో దొరికిన పట్టే గుండు పేలేదాకా ఉండే పట్టు. దారిలో సవరించుకోవడానికి సమయం లేదు. చెయ్యి అర అంగుళం కిందికి జారితే ఆయుధం ఎగిరిపడుతుంది, రెండో గుండు ఎక్కడికి పోతుందో చెప్పలేం. పిస్తోలు ఇంకా చొక్కా నీడలోనే ఉంది, చూసేవాడికి ఏమీ కనబడలేదు, కానీ ఆ దూయడం మంచిదో చెడ్డదో అప్పటికే తేలిపోయింది. సినిమాలో మనం చప్పట్లు కొట్టేది తుపాకీ బయటికి వచ్చాక. అసలు పనితనం అంతకుముందే అయిపోయి ఉంటుంది.

ఇక చూపుడువేలు. అది చాచిన కర్రలా నిటారుగా, ఒరకు బయట, ట్రిగ్గర్‌కు దూరంగా ఉండాలి. గురి కుదిరి, కాల్చక తప్పదని తేలేదాకా అది వంగకూడదు. ఆస్ట్రియా సైన్యం 1980లలో తీసుకున్న గ్లాక్ 17 వంటి పిస్తోలుకు వేలితో దించే సేఫ్టీ మీట లేదు. సుమారు రెండున్నర కిలోల ఒత్తిడి పడితే పేలుతుంది. అలాంటి ఆయుధానికి నిజమైన సేఫ్టీ ఆ నిటారు వేలే. మన పోలీసుల దగ్గర చాలాకాలంగా ఉన్న ఇషాపూర్ ఫ్యాక్టరీ 9 ఎంఎం పిస్తోలుకు మీట ఉంది. అక్కడ బొటనవేలికి ఇంకో పని తగులుతుంది. గొట్టం ఎదుటివైపు తిరిగాకే ఆ మీట దిగాలి. ఒరలో ఉండగా దించడం చేతకానితనం.

ఆ తర్వాతి కదలికలు ఒకదాన్నుంచి ఒకటి పుడతాయి. పిస్తోలు నిట్టనిలువుగా పైకి రావాలి. గొట్టం ఒర అంచు దాటగానే మోచెయ్యి కిందికి దిగుతుంది, గొట్టం ముందుకు తిరుగుతుంది. చొక్కాను వదిలిన ఎడమచెయ్యి ఛాతీ దగ్గరే కాచుకుని ఉంటుంది. దాన్ని గొట్టం ఎదుటికి చాస్తే గొట్టానికే అడ్డుపడుతుంది. రెండు చేతులూ ఛాతీ ముందు కలుస్తాయి. కలిసినవి అక్కడి నుంచి కంటి వరుసలో ముందుకు నెట్టుకుపోతాయి. మంచి చేతుల్లో ముందు గురిపుల్ల దారిలోనే కంటికి అందుతుంది. చేతులు పూర్తిగా చాచేసరికి గురి వెతుక్కునే పని మిగలదు. పిస్తోలును కిందనుంచి గరిటెతో తోడినట్టు గుండ్రంగా తిప్పి తెచ్చేవాడు చాలా వేగంగా కనిపిస్తాడు. గడియారం మాత్రం ఒప్పుకోదు. ఆ వంపు ఎంత ఉందో అంత సమయం గాలికి పోయినట్టే.

సాధనంతా ఖాళీ ఆయుధంతోనే. గుళ్లు పక్క గదిలో ఉండాలి, చాంబర్ కంటితో చూసి వేలితో తడిమి తేల్చుకోవాలి, గురిపెట్టే గోడ గట్టిదై ఉండాలి. తెలివైన శిక్షకులు ఈ పనిని చివరనుంచి మొదటికి నేర్పుతారు. ముందు ట్రిగ్గర్ నొక్కినా గురి కదలకపోవడం, తర్వాత ఛాతీ నుంచి చాచడం, తర్వాత చేతులు కలవడం, అన్నిటికన్నా చివర బట్ట. అలా నేర్చినవాడు ప్రతిసారీ తెలియని చోటు నుంచి తెలిసిన చోటికి పోతాడు. ఈ వరసను కనిపెట్టినవాళ్లకు బోధన అంటే ఏమిటో బాగా తెలుసు. తర్వాత వస్తుంది టైమర్, బీప్ మోగించి గుండు చప్పుడు దాకా కొలిచే పరికరం. రెండు సెకన్లలో చేస్తున్నవాడు 1.9 కోసం ఏ కండరాన్ని బిగిస్తాడో గమనించాలి. బిగించినవాడి సంఖ్య పెరుగుతుంది. భుజం వదిలేసి ఒక అనవసర కదలికను తీసేసినవాడి సంఖ్యే తగ్గుతుంది.

దూయడం గురించి అందరూ మాట్లాడతారు. తిరిగి ఒరలో పెట్టడం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నా దృష్టిలో మనిషి పరిణతి అక్కడే బయటపడుతుంది. ఇక్కడ వేగానికి చోటు లేదు. చొక్కా కొస గానీ, జాకెట్టు తాడు గానీ ట్రిగ్గర్ దగ్గరికి జారితే, పిస్తోలును లోపలికి నెట్టే బలమే దాన్ని పేలుస్తుంది, సొంత తొడలోకి. అందుకే మంచివాళ్లు ఇక్కడ ఆగుతారు. చుట్టూ చూస్తారు, వేలు నిటారుగా ఉందో లేదో సరిచూసుకుంటారు, బట్టను దూరంగా పట్టుకుంటారు, అవసరమైతే ఒరవైపు చూసుకుని మెల్లగా దించుతారు. దూసేటప్పుడు చూడనివాళ్లు పెట్టేటప్పుడు చూస్తారు.

ఈ విద్యకు క్రీడారంగంలో ఒక చెల్లెలు ఉంది. మహిళల 25 మీటర్ల పిస్తోలు పోటీ రెండో భాగంలో షూటర్ ఒంటిచేత్తో పిస్తోలు పట్టుకుని, నిలువు గీతకు 45 డిగ్రీలు మించకుండా చెయ్యి కిందికి దించి నిలబడాలి. లక్ష్యం 3 సెకన్లు కనబడుతుంది, 7 సెకన్లు మాయమవుతుంది. ఆ మూడింటిలో చెయ్యి లేచి, గురి కుదిరి, ఒక్క గుండు పేలాలి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఇందులోనే హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం, మనూ భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో కలిసి జట్టు స్వర్ణం గెలిచింది. 2025లో కైరో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చింది. అక్కడ బట్ట లేదు, ఒర లేదు, ఎదురుగా మనిషి లేడు. అయినా లేచే చేతికి ఉండాల్సిన శుభ్రత అదే. ఇదే రకం విద్యలో హంగేరీ సైనికుడు కారొలీ తకాచ్‌ను తలచుకోకుండా ఉండలేను. 1938లో గ్రెనేడు పేలి కుడిచెయ్యి పోతే ఎడమచేత్తో మళ్లీ మొదటినుంచి నేర్చుకుని 1948, 1952 ఒలింపిక్స్‌లో ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు స్వర్ణాలు గెలిచాడు. విద్య చేతిలో కన్నా మనసులోనే ఎక్కువ ఉంటుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం నాకు అక్కర్లేదు.

మన దేశంలో ఇది అందరి విద్య కాదు, కాకపోవడమే మంచిది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే పిస్తోలు దగ్గర ఉంచుకోకూడదు. లైసెన్సు ఉన్నవాడు బయటికి తీసుకుపోయినా ఒరలో, కప్పి ఉంచాలని 2016 నిబంధనలు చెబుతున్నాయి. ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చి గొప్ప చూపించుకోవడం నేరం. సరదాగా నేర్చుకోవాలనే కుర్రవాళ్లు 10 మీటర్ల ఎయిర్ పిస్తోలుతో, గుర్తింపు ఉన్న రేంజ్‌లో, శిక్షకుడి పక్కన మొదలుపెట్టాలి. ఈషా తొలి గెలుపులూ అక్కడివే. 2018 జాతీయ పోటీల్లో సీనియర్ల టైటిల్ గెలిచేనాటికి ఆమెకు పదమూడేళ్లు.

మిగతావాళ్లకు నాదొక మనవి. ఈసారి విశాఖ ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలు జరిగితే హెలికాప్టర్‌ను, పొగను పిల్లలకు వదిలేయండి. తాళ్లు పట్టుకుని దిగే కమాండోల కుడిచెయ్యి చూపుడువేలు ఎక్కడుందో చూడండి. ఎంత హడావుడిలోనైనా అది ట్రిగ్గర్‌కు బయట, నిటారుగా ఉందంటే మీరు చూస్తున్నది పనివాళ్లనే.