లెక్క లేని నివాళి

కిందటి నెల మా లెక్కల మాస్టారు ఒకాయన పోయారు. చాలా ఏళ్లు స్టాఫ్‌రూమ్‌లో పక్కపక్క కుర్చీలు మావి. సంస్మరణ సంచికకు వచ్చిన వ్యాసాలు దిద్దే పని నాకు పడింది. నిరాడంబరుడు, శిష్యవత్సలుడు, అజాతశత్రువు. పేరు మారిస్తే ఏ తహసీల్దారుకైనా సరిపోతాయి. (అజాతశత్రువు అన్నది అబద్ధం. ఇన్విజిలేషన్ డ్యూటీలు వేసేది ఆయనే.)

లెక్కల మనిషి గురించి లెక్క తప్ప అన్నీ రాస్తాం. 2023 ఆగస్టులో గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 102 ఏళ్ల వయసులో పోయినప్పుడూ ఇదే వరస: ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువు, పద్మవిభూషణ్, అంతర్జాతీయ బహుమతి. నాకు మాత్రం ఆయన కలకత్తా తరగతిలోనే కనిపిస్తారు. అప్పటికింకా ఇరవైల్లో ఉన్నారు. నమూనా బాగా పెద్దదైనప్పుడు అంచనాలోని ఊగిసలాట ఎంతకంటే తగ్గదో ఫిషర్ చెప్పిన ఫలితం బోధిస్తున్నారు. దండేకర్ అనే విద్యార్థి, తర్వాత పేరున్న ఆర్థికవేత్త అయినాయన, నమూనా చిన్నదైతే ఏమిటని అడిగారు. రావు గారు ఇంటికెళ్లి దాదాపు రాత్రంతా కూర్చున్నారు, మర్నాటికి రుజువు తేలింది. ఎంత గట్టిగా పిండినా నిమ్మకాయలో ఉన్నంతే రసం. పక్షపాతం లేని అంచనా ఎంత తెలివిగా కట్టినా, దత్తాంశంలో ఉన్న సమాచారం విధించే హద్దు దాటి దాని వేరియన్స్, అంటే ఆ ఊగిసలాట కొలత, తగ్గదు. ఇది 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. స్వీడన్‌లో క్రామర్ కూడా విడిగా ఇక్కడికే చేరడంతో క్రామర్-రావు అసమానత అయింది. ఆ కుర్రాడి ప్రశ్న లేకుండా రావు గారి మీద నివాళి రాస్తే, అది బయోడేటా.

మా మాస్టారి పేరున సిద్ధాంతాలేవీ లేవు. ఆయన తప్పిన రుజువును బోర్డు మీద తుడిచేవారు కాదు. తప్పిన వరస చుట్టూ సున్నా చుట్టి వదిలి వెళ్లేవారు. ఎక్కువసార్లు అది, తోయొచ్చో లేదో చూడకుండా అవధిని సమాకలని లోపలికి తోసేసిన చోటే. తర్వాతి పీరియడ్ నాది. డస్టర్ పట్టుకుని విసుక్కునేవాణ్ణి. మా పిల్లలు విశ్లేషణ నేర్చుకున్నది మాత్రం ఎక్కువగా ఆ సున్నాల దగ్గరే. వచ్చిన వ్యాసాల్లో ఒక్కదానిలోనూ ఈ సంగతి లేదు.

మంచితనం సంగతి ఇంట్లోవాళ్లు రాస్తారు. ఆయన ఏ లెక్క దగ్గర చిక్కుకున్నారో, ఏ ప్రశ్నకు మొహం వెలిగేదో తోటివాళ్లే రాయాలి.

ఈ గుర్తులతో ఆయనెవరో పోల్చుకున్న పాత విద్యార్థులుంటే, ‘దేవుడు’ అని మాత్రం రాయకండి. ఆయన చెప్పగా గుర్తున్న లెక్క ఒక్కటి రాసి పంపండి. సంచిక ఇంకా ప్రెస్సుకు వెళ్లలేదు.